దొర్లే బంతికి లెక్క ఉన్నది

గోళీలాడే పిల్లవాణ్ణి ఒకసారి శ్రద్ధగా చూడండి. అలికిన వాకిట్లో ఒక తీరుగా, ఇసుక నేలమీద మరొక తీరుగా గోళీని వేస్తాడు. నేల కాస్త ఏటవాలుగా ఉంటే గుంటకు సూటిగా గురిపెట్టడు, కొంచెం ఎగువకు గురిపెడతాడు. ఎవరూ నేర్పకుండానే అతని వేళ్ళకు ఒక సంగతి తెలిసి ఉన్నది. బంతి ఎంత దూరం దొర్లుతుందనేది మనం వేసిన ఊపుమీదనే గాక నేలమీద కూడ ఆధారపడి ఉంటుంది. వేళ్ళకు తెలిసిన ఈ సంగతిని ఒక సంఖ్యగా మార్చడానికి మానవునికి దాదాపు మూడు శతాబ్దాలు పట్టినది. ఆ సంఖ్య కథే ఈ వ్యాసం.

ఈ కథ రాయడానికి కారణం మా కళాశాల విద్యార్థి ఒకడు. అతడు సెలవు దినాలలో సెల్‌ఫోనుమీద గోల్ఫు ఆట ఆడుతుంటాడు. ఆన్‌లైనులో ఎక్కడెక్కడి వారితోనో పోటీ పడతాడు. ఒకనాడు విసుగుతో నా దగ్గరకు వచ్చి, “మాస్టారూ, ఈ ఆటలో ఏదో మోసం ఉన్నది. దూరపు దెబ్బలు బాగానే కొడుతున్నాను. రంధ్రం దగ్గరకు వచ్చేసరికి ఓడిపోతున్నాను. పట్టీమీద సగం బలం పెట్టితే బంతి సగం దూరమైనా పోవడం లేదు. రెట్టింపు పెట్టితే ఎక్కడికో పోతున్నది. కంప్యూటరు తన ఇష్టం వచ్చినట్టు నడుపుతున్నది” అన్నాడు.

ఇది అదృష్టమా, మోసమా, లేక నియమమా? అతని ప్రశ్నలో ఉన్నది చిన్న ఆట సంగతి కాదు. విజ్ఞాన శాస్త్రం పుట్టినది సరిగా ఇట్టి ప్రశ్ననుండే.

పటింగ్ అంటే ఏమి?

గోల్ఫు ఆటలో బంతిని కర్రతో కొట్టి, దూరాన ఉన్న రంధ్రంలో పడవేయవలె. తక్కువ దెబ్బలలో పడవేసినవాడే గెలుస్తాడు. రంధ్రం చుట్టూ గడ్డిని తివాచీవలె పొట్టిగా కత్తిరించి ఉంచుతారు. ఆ పచ్చికను గ్రీను అంటారు. గ్రీనుమీద బంతిని గాలిలోకి లేపక, నేలమీదనే దొర్లించి రంధ్రంలోకి పంపే దెబ్బ పేరు పటింగ్. రంధ్రం వ్యాసం నాలుగుంపావు అంగుళాలుగా 1891లో నిబంధనలలో స్థిరపరచినారు. ఈనాటికీ అదే కొలత. బంతి వ్యాసం 1.68 అంగుళాలకు తగ్గరాదు. రెండు వందల గజాల దూరానికి కొట్టిన దెబ్బకూ, రెండడుగుల దూరానికి దొర్లించిన దెబ్బకూ లెక్కలో విలువ ఒకటే. కావున పటింగ్‌లో తడబడినవాడు ఎంత బలశాలి అయినా ఓడుతాడు.

వాలుపలకమీద కంచు బంతి

దొర్లే బంతిని మొదట శాస్త్రీయంగా కొలిచినవాడు ఇటలీ దేశస్థుడైన గెలీలియో. వస్తువులు కిందికి పడేటప్పుడు వాటి వేగం ఏ విధంగా పెరుగుతుందో ఆయన తెలుసుకోదలచినాడు. నిట్టనిలువుగా పడే వస్తువును కొలవడానికి ఆనాడు తగిన గడియారాలు లేవు. అందుచేత ఆయన ఒక ఉపాయం పన్నినాడు. పడటాన్ని నెమ్మది చేయడానికి బంతిని వాలుపలకమీద దొర్లించినాడు.

ఆ పరికరం వర్ణన ఆయన 1638లో ప్రకటించిన గ్రంథంలో ఉన్నది. సుమారు 12 మూరల పొడవైన దూలం. దాని అంచున వేలెడు వెడల్పుకు కాస్త మించిన సన్నని గాడి. గాడి నునుపుగా ఉండేందుకు లోపల తోలుకాగితం అంటించినాడు. దానిలో గుండ్రని గట్టి కంచు బంతి దొర్లించినాడు. కాలాన్ని కొలవడానికి ఒక పెద్ద తొట్టినుండి సన్నని ధారగా కారే నీటిని గిన్నెలో పట్టి, ఆ నీటిని తూచినాడు. ప్రయోగాన్ని నూరుసార్లు చేసినట్టు ఆయన రాసినాడు. తేలినది ఏమనగా, బంతి దొర్లిన దూరం కాలపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. రెట్టింపు కాలంలో నాలుగు రెట్ల దూరం, మూడు రెట్ల కాలంలో తొమ్మిది రెట్ల దూరం.

ఇందులో మనం గమనించవలసినది ఫలితమొక్కటే కాదు, పద్ధతి కూడ. ప్రకృతి తన లెక్కల పుస్తకాన్ని గెలీలియోకు తెరచి చూపలేదు. ఆయన ఒక్క అంశాన్ని మార్చుతూ, తక్కినవాటిని స్థిరంగా ఉంచి, కొలిచినాడు. కొలతలనుండి లోపలి నియమాన్ని పట్టుకున్నాడు.

గెలీలియోకు తెలియని విషయం ఒకటి ఉన్నది. దొర్లే బంతి ముందుకు పోవడమే కాదు, తనచుట్టూ తాను తిరుగుతుంది కూడ. గట్టి బంతి జారక దొర్లేటప్పుడు దాని గతిశక్తిలో ఏడింట అయిదు వంతులు ముందుకు పోవడానికీ, ఏడింట రెండు వంతులు తిరగడానికీ ఖర్చవుతాయి. అందుచేత వాలుమీద దొర్లే బంతి త్వరణం, ఘర్షణలేక జారే వస్తువు త్వరణంలో ఏడింట అయిదు వంతులే ఉంటుంది. ఈ లెక్క మనకు మరల అవసరమవుతుంది.

బంతి ఎందుకు ఆగుతుంది?

సమతలంమీద బంతి ఎల్లకాలం దొర్లవలసినదే. కాని ఆగిపోతుంది. కారణం దొర్లుడు ఘర్షణ. బంతి బరువుకు నేల కొద్దిగా అణుగుతుంది. గడ్డి వంగుతుంది. అణిగిన నేల, వంగిన గడ్డి తిరిగి లేచేటప్పుడు తాము తీసుకున్న శక్తిని పూర్తిగా తిరిగి ఇవ్వవు. ఆ నష్టం బంతి గతిశక్తినుండి పోతుంది.

ఫ్రాన్సు దేశపు ఇంజనీరు కూలుంబు ఘర్షణను గూర్చి చేసిన పరిశోధనకు 1781లో పారిస్ విజ్ఞాన పరిషత్తు బహుమానం ఇచ్చినది. విద్యుదావేశాల నియమం వల్ల మన విద్యార్థులకు తెలిసిన కూలుంబే ఈయన. కొయ్య దిమ్మెలను దొర్లించి చూసి, దొర్లుడు ఘర్షణ భారానికి అనులోమంగాను, దిమ్మె వ్యాసానికి విలోమంగాను ఉంటుందని ఆయన చెప్పినాడు. ఎడ్లబండికి పెద్ద చక్రాలు ఎందుకో దీనివల్ల తెలుస్తుంది.

ఘర్షణ భారానికి అనులోమమైతే, బంతి వేగం తగ్గే రేటు దాని బరువుమీద ఆధారపడదు. ఒక రకపు నేలమీద ఒక రకపు బంతి వేగం ప్రతి సెకనుకు ఇంచుమించు ఒకే మొత్తం తగ్గుతూ పోతుంది. దీనిని స్థిరమైన ఋణ త్వరణం అంటాము. ఈ ఒక్క సంఖ్య తెలిస్తే చాలును, బంతి ఎక్కడ ఆగుతుందో ముందుగా చెప్పవచ్చును. కాని గోల్ఫు మైదానంలో ఆ సంఖ్యను కొలవాలనే ఆలోచన రావడానికి ఇంకా నూటయాభై ఏళ్ళు గడిచినవి.

1935: ఒక ప్రేక్షకుని అనుమానం

1935లో అమెరికా ఓపెన్ గోల్ఫు పోటీ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఓక్‌మాంట్ మైదానంలో జరిగినది. ఆ మైదానపు గ్రీనులు అద్దంవలె నున్నగా ఉంటాయని ప్రసిద్ధి. ఆనాటి మేటి ఆటగాడు జీన్ సారజెన్ మెల్లగా దొర్లించిన బంతి రంధ్రాన్ని దాటి, ఆగక, గ్రీనునే దాటి ఇసుక గుంటలో పడినది. చూస్తున్న జనంలో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే మసాచుసెట్స్ ఆటగాడు ఉన్నాడు. ఈ గ్రీను న్యాయంగా ఉండవలసినదానికంటె వేగంగా ఉన్నదని ఆయనకు తోచినది.

తోచడం వేరు, నిరూపించడం వేరు. “ఈ గ్రీను వేగం” అని అందరూ అంటారు, కాని ఎంత వేగం? దానికి కొలత లేదు. స్టింప్సన్ ఇంటికి వెళ్ళి ఒక కొయ్య పరికరం తయారుచేసినాడు. గాడి ఉన్న కర్ర అది. బంతిని గాడిలో పెట్టి కర్రను మెల్లగా ఎత్తితే, ఒక నిర్ణీతమైన వాలు వచ్చేసరికి బంతి తనంతట తానే విడివడి దొర్లుతుంది. ప్రతిసారీ ఒకే వేగంతో గ్రీనుమీదికి వస్తుంది. అక్కడినుండి ఎన్ని అడుగులు పోయి ఆగినదో కొలిస్తే, అదే ఆ గ్రీను సంఖ్య. గెలీలియో వాలుపలక మూడు వందల ఏళ్ళ తరువాత గోల్ఫు మైదానంలో ప్రత్యక్షమైనది.

1976లో అమెరికా గోల్ఫు సంఘానికి చెందిన ఫ్రాంక్ థామస్ ఈ పరికరాన్ని అల్యూమినియంతో సవరించి రూపొందించినాడు. 1978నుండి దానిని మైదానాల నిర్వాహకులకు అందజేసినారు. దాని పేరు స్టింప్‌మీటరు. పొడవు 36 అంగుళాలు. బంతిని నిలిపే చోటు నేలను తాకే కొననుండి 30 అంగుళాల దూరంలో ఉంటుంది. వాలు సుమారు 20 డిగ్రీలు కాగానే బంతి విడివడుతుంది. నేలను చేరేసరికి దాని వేగం సెకనుకు సుమారు 6 అడుగులు. ఒక దిక్కున మూడు బంతులు, వాటికి ఎదురు దిక్కున మూడు బంతులు దొర్లించి సగటు తీస్తారు.

సంఖ్య చెప్పే సంగతులు

ఒక గ్రీను సంఖ్య 10 అడుగులు అనుకుందాము. వేగపు వర్గాన్ని దూరానికి రెట్టింపుతో భాగిస్తే ఋణ త్వరణం వస్తుంది. 6 వర్గం 36. దానిని 20తో భాగిస్తే 1.8. అనగా బంతి వేగం ప్రతి సెకనుకు, సెకనుకు 1.8 అడుగుల చొప్పున తగ్గుతున్నది.

ఇందునుండి మొదటి పాఠం. దూరం వేగపు వర్గానికి అనులోమం. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. దూరం రెట్టింపు కావలెనంటే వేగాన్ని రెట్టింపు చేయరాదు, సుమారు 1.4 రెట్లు మాత్రమే చేయవలె. మా విద్యార్థి తప్పటడుగు ఇక్కడే పడినది.

రెండవ పాఠం వాలుకు సంబంధించినది. అదే గ్రీను నూరు అడుగులకు 2 అడుగుల చొప్పున వాలి ఉన్నదనుకుందాము. గురుత్వ త్వరణం 32.2లో ఆ వాలుకు తగిన వంతు తీసి, ఏడింట అయిదుతో గుణిస్తే సుమారు 0.46 వస్తుంది. ఎగువకు దొర్లే బంతికి ఈ 0.46 ఘర్షణతో కలుస్తుంది, 2.26 అవుతుంది. దిగువకు దొర్లేటప్పుడు ఘర్షణనుండి పోతుంది, 1.34 మిగులుతుంది. అదే 6 అడుగుల వేగంతో బంతి ఎగువకు సుమారు 8 అడుగులు పోతే, దిగువకు 13.4 అడుగులు పోతుంది.

చూడండి, ఎగువకు నష్టపోయినది రెండడుగులే. దిగువకు లాభించినది మూడున్నర అడుగులకు దగ్గర. రెండూ సమానం కావు. కనుకనే అనుభవజ్ఞులు దిగువ దెబ్బకు ఎక్కువ భయపడతారు. 8కి, 13.4కి మామూలు సగటు తీస్తే 10.7 వస్తుంది. అది తప్పు. రెంటి లబ్ధాన్ని రెట్టింపు చేసి, రెంటి మొత్తంతో భాగిస్తే 10 వస్తుంది. గణితంలో హరాత్మక మధ్యమం అనేది ఇదే. దాని ఉపయోగమేమిటని అడిగే విద్యార్థులకు ఉపాధ్యాయులు ఈ ఉదాహరణ చెప్పవచ్చును. వాలు ఎంతో తెలియకపోయినా, ఎదురెదురు దిక్కుల రెండు కొలతలతో వాలు ప్రభావాన్ని తొలగించి నేల అసలు గుణాన్ని తెలుసుకోవచ్చును.

మూడవ పాఠం రంధ్రానికి సంబంధించినది. బంతి రంధ్రం నడిమికే వచ్చినా, వేగం మరీ ఎక్కువైతే లోపల పడక దాటిపోతుంది. ఆ గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 1.63 మీటర్లు అని 1991లో బ్రయన్ హోమ్స్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు లెక్కించినాడు. బంతి రంధ్రం అంచువైపుకు వచ్చినకొద్దీ ఈ హద్దు తగ్గుతుంది. అనగా వేగంగా వచ్చే బంతికి రంధ్రం చిన్నదైపోయినట్టే. పోనీ, అతి మెల్లగా కొడితే? చివర వేగం తగ్గినకొద్దీ పక్కవాలు బంతిని ఎక్కువ వంచుతుంది. నాసా గొడ్డార్డ్ కేంద్రంలో పనిచేసి తరువాత గోల్ఫు శిక్షకుడైన డేవ్ పెల్జ్, గురి తప్పితే రంధ్రాన్ని దాటి సుమారు 17 అంగుళాలలో ఆగే వేగం మేలైనదని చెప్పినాడు.

బంతి కంప్యూటరులోకి ప్రవేశించడం

1958 అక్టోబరులో అమెరికాలోని బ్రూక్‌హావెన్ జాతీయ పరిశోధనాలయానికి సందర్శకులు వచ్చినారు. వారి వినోదం కోసం విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ఒక చిన్న కంప్యూటరును ఆసిలోస్కోపుకు కలిపి, తెరమీద టెన్నిస్ బంతిని ఎగిరించినాడు. ఆ బంతి న్యూటను నియమాలను అనుసరించి వంపుగా పోయేది. జనం వరుసలలో నిలబడి ఆడినారు. ఆట బొమ్మలోకి భౌతిక శాస్త్రం ప్రవేశించిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

1984లో జపాను దేశపు నింటెండో సంస్థ ‘గోల్ఫ్’ అనే ఆటను విడుదల చేసినది. దాని ప్రోగ్రాము రాసినవాడు తరువాత ఆ సంస్థకే అధ్యక్షుడైన సతోరు ఇవాతా. తెర అడుగున ఒక పట్టీ, దానిమీద కదిలే గుర్తు. మీట నొక్కి గుర్తును సరియైన చోట ఆపితే దెబ్బ బలం నిర్ణయమవుతుంది. చేతి ఊపును ఒక పట్టీమీది స్థానంగా మార్చిన ఈ ఉపాయం ఆ తరువాత వచ్చిన అనేక గోల్ఫు ఆటలకు మార్గమైనది. 2008లో వచ్చిన ‘వరల్డ్ గోల్ఫ్ టూర్’ వంటి ఆన్‌లైను ఆటలలో నిజమైన మైదానాల ఛాయాచిత్రాలమీదనే దూరదేశాల ఆటగాళ్ళు పోటీపడినారు.

కంప్యూటరు బంతిని ఏ విధంగా దొర్లిస్తుంది? ఇట్టి లెక్కకు మూలం 1768లో గణితవేత్త ఆయిలర్ వివరించిన పద్ధతి. కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేయవలె. ఒక్కొక్క ముక్కలో వేగం మారదనుకొని బంతిని కొంచెం జరపవలె. పిమ్మట వేగాన్ని కొంచెం తగ్గించవలె. మరల జరపవలె. సెకనులో 60వ వంతును ఒక ముక్కగా తీసుకుంటే, మన 10 అడుగుల గ్రీనుమీద బంతి మొదటి ముక్కలో 0.1 అడుగు జరుగుతుంది. ప్రతి ముక్కకూ దాని వేగం 0.03 తగ్గుతుంది. 200 ముక్కల తరువాత ఆగుతుంది. మొత్తం దూరం 10.05 అడుగులు. అసలు జవాబుకు ఎంత దగ్గరో చూడండి. పదవ తరగతి విద్యార్థి కాగితంమీద మొదటి పది ముక్కలు వేసి చూడవచ్చును.

మా విద్యార్థి చేసిన ప్రయోగం

ఏ ఆటలో ఏ సంఖ్యలు వాడినదీ ఆటగాడికి కనబడదు. ప్రకృతి లెక్క గెలీలియోకూ కనబడలేదు గదా! కావున అదే పద్ధతి అనుసరించమని మా విద్యార్థికి చెప్పినాను. పోటీలు ఒక వారం మాని, సాధన మైదానంలో నోటు పుస్తకంతో కూర్చోమన్నాను.

మొదట చదునైన చోట పట్టీమీద 50 దగ్గర మూడుసార్లు, 100 దగ్గర మూడుసార్లు కొట్టినాడు. 50కి బంతి 10 అడుగులు, 100కి 40 అడుగులు పోయినది. దూరం నాలుగింతలైనది. అనగా ఆ ఆటలోని పట్టీ దూరాన్ని కాదు, వేగాన్ని చూపుతున్నది. రెట్టింపే అయి ఉంటే పట్టీ దూరాన్నే చూపుతున్నదని అర్థం. ఈ ఒక్క పరీక్షతో అతని ‘మోసం’ మాయమైనది. 20 అడుగులకు 100 కాదు, సుమారు 71 చాలునని తానే లెక్కవేసుకున్నాడు.

తరువాత ఒక వాలుమీద 50 దగ్గరే ఎగువకు, దిగువకు కొట్టినాడు. 8 అడుగులు, 13 అడుగులు వచ్చినవి. హరాత్మక మధ్యమం 9.9. చదును నేలమీది 10కి దాదాపు సమానం. ఆ రోజు అతని ముఖంలో చూసిన సంతోషం ఏ పోటీలో గెలిచినా వచ్చేది కాదు.

చివరకు పక్కవాలు. ఇక్కడ క్రమం ముఖ్యం. ముందు వేగం నిర్ణయించుకోవలె, తరువాతనే గురి. ఏలననగా బంతి ఎంత వంగుతుందనేది వేగంమీద ఆధారపడి ఉన్నది. గురి ముందు పెట్టుకొని వేగాన్ని తరువాత మార్చితే రెండూ చెడతాయి. ఒకే వేగంతో గురిని మాత్రం కొంచెం కొంచెం మార్చుతూ రాసుకోవలె. ఆటలో గ్రీను సంఖ్య మారినప్పుడు ఈ కొలతలన్నీ మరల తీయవలె. పాత అలవాటు కొత్త నేలకు పనికిరాదు.

అతడు ఇప్పుడు కూడ అప్పుడప్పుడు ఓడుతున్నాడు. వేలు తడబడుతుంది, గుర్తు జారిపోతుంది. అయితే ఇప్పుడు కంప్యూటరును తిట్టడం లేదు. తప్పు వేగంలోనా, గురిలోనా అని పుస్తకం తీసి చూసుకుంటున్నాడు.

బడిలో చేయదగిన పరీక్ష

సెల్‌ఫోను లేనివారు దీనిని వట్టి నేలమీదనే చేయవచ్చును. గాడి ఉన్న మీటరు పొడవు బద్ద ఒకటి, గోళీ ఒకటి, కొలత టేపు ఒకటి చాలును. బద్ద ఒక కొనను ప్రతిసారీ ఒకే ఎత్తున, రెండు పుస్తకాలమీద ఉంచండి. గోళీని తోయక, ఒకే గుర్తునుండి వదలండి. సిమెంటు నేలమీద, జంపఖానామీద, ఆటస్థలంలోని మట్టిమీద ఎంతెంత దూరం పోతుందో ఎదురెదురు దిక్కులలో మూడేసి సార్లు కొలవండి. ప్రతి నేలకూ ఒక సంఖ్య వస్తుంది. ఎదురు దిక్కుల కొలతలు సమానంగా లేకపోతే మీ బడి నేల ఎటు వాలి ఉన్నదో కూడ తెలిసిపోతుంది.

కంచు బంతిని దొర్లించిన గెలీలియో, కొయ్య కర్రను ఎత్తిన స్టింప్సన్, తెరమీది బంతికి నోటు పుస్తకం పెట్టిన మా విద్యార్థి, ముగ్గురూ చేసిన పని ఒకటే. తమకు తోచినదాన్ని నమ్మి ఊరకుండక, కొలిచి చూసినారు. వేళ్ళకు తెలిసినది బుద్ధికి కూడ తెలియవలెనంటే నడుమ ఒక కొలబద్ద ఉండవలె.